ఎర్ర ట్రిగ్గర్‌కు నా సిఫారసు

మాస్కులు ముక్కు మీద నుంచి గడ్డం కిందికి దిగిన ఆ రోజుల్లో, పిస్తోలు ట్రిగ్గర్ల సంగతి నాకు తెలిసినంతగా దుబాయ్ మొత్తంలో ఎవరికీ తెలియదని నా నమ్మకం. లోటల్లా ఒక్కటే, అప్పటికి నేను ఏ ట్రిగ్గర్ మీదా వేలు పెట్టి ఎరగను. ఏడో తరగతిలోనే బడి మానేసిన నాకు (బడి కూడా పెద్దగా బాధపడలేదు) ఒక షూటింగ్ రేంజ్‌లో ఖాళీ తూటా గొట్టాలు ఊడ్చే పని దొరికింది. ఊడ్చేవాడు తుపాకి ముట్టకూడదని అక్కడి నియమం. అందుకని ఇంటర్నేషనల్ సిటీ అనే పేటలో ఆరుగురం ఉండే గదిలో, పై మంచం మీద పడుకుని, ఫోన్లో వీడియోలు చూసి పండితుణ్ణయ్యాను.

రేంజ్‌లో పిస్తోళ్లు బాగుచేసేది మా హవల్దార్ కాక. జగిత్యాల వైపు మనిషి, పటాలంలో ఇరవై ఏళ్లు ఆయుధాల మరమ్మతు చేసి వచ్చాడు. నవ్వడం మాత్రం అక్కడ నేర్పలేదనుకుంటాను. ఒకసారి నా ఫోన్లోకి తొంగిచూసి, "ఏం జేస్తున్నవ్‌రా?" అన్నాడు. "చదువుకుంటున్న కాకా." "గా చదువేదో బడిల జదివితె మీ అవ్వ సంతోషపడుతుండె." ఆ నెలలోనే ఆయన కాంట్రాక్టు తిరిగి రాయాలి. యాభై దాటిన మనిషిని మా మేనేజరు, అంటే ముదీర్, వద్దంటే ఇంకెవరూ పిలవరు.

సరిగ్గా అప్పుడే, పోటీకి తయారవుతున్న అరబ్బు మెంబరు ఒకాయన (మనిషికంటే ముందు సువాసన వచ్చేది కనుక మాకు అత్తరు సాబ్) కాఫీ మిషన్ దగ్గర నన్ను ఆపాడు. తన పిస్తోలుకు బయట దొరికే ట్రిగ్గర్లలో ఏది వేయిస్తే మంచిదని హిందీలో అడిగాడు. అంత పెద్దమనిషి నన్ను సలహా అడగడం అదే మొదలు. "ఎర్రది సాబ్, చదునుగా ఉంటుంది చూడండి, అదే! ఊపిరి తగిలితే చాలు" అన్నాను. అక్కడితో ఆగినా బాగుండేది. "మా హవల్దార్ కూడా అదే అంటాడు" అని ఆయన పేరు కూడా వాడేశాను.

మర్నాడు అత్తరు సాబ్ ఎర్రది బిగించమంటే కాక వద్దన్నాడు. "మీ వేలు తొందరది సాబ్. అది మీకు పనికిరాదు." "నిన్న ఒక మాట, ఈరోజు ఇంకో మాటా? ఇంకొకటి అమ్మితే నీకు కమీషనా?" అని ఆయన ముదీర్‌ను పిలిచాడు. కాకకు ఏమీ అర్థం కాలేదు. ఒక్కోదానికి ఒక్కో ట్రిగ్గర్ ఉన్న ఒకే రకం పిస్తోళ్లు మూడు తీసి, ఖాళీవని రెండేసిసార్లు చూసి, బల్ల మీద పెట్టాడు. ఒక్కోదాని ముక్కు మీద ఖాళీ గొట్టం నిలబెట్టి, గోడ వైపు గురిపెట్టి, అది పడకుండా నొక్కమని అత్తరు సాబ్‌తో అన్నాడు. కంపెనీ ట్రిగ్గర్ బరువు. సగం నొక్కేసరికే చేయి వణికి గొట్టం పడింది. ఎర్రది ఆయన గురి చూడకముందే టిక్కుమంది. వంపుగా ఉన్న మూడోది కొంచెం వెళ్లి, గట్టిగా ఆగి, ఇంకాస్త నొక్కాక టిక్కుమంది. గొట్టం కదల్లేదు.

"ట్రిగ్గర్ సంగతి సరే" అన్నాడు అత్తరు సాబ్. "మాట మార్చే మనిషి చేతికి నా పిస్తోలు ఎలా ఇవ్వను?" ముదీర్ కాక వైపు తిరిగి, కాంట్రాక్టు గురించి ఆలోచించాలన్నాడు. పటాలం మనిషి నిటారుగానే నిలబడి, స్క్రూడ్రైవర్‌ను బల్ల మీద పెట్టేశాడు. నేను చీపురుతో గుమ్మంలోనే ఉన్నాను. నిజం చెబితే నా ఉద్యోగం ఖలాస్, చెప్పకపోతే ఆయనది.

"సాబ్, ఆయన ఏమీ అనలేదు. నేనే అన్నాను. ఆ ట్రిగ్గర్‌ను నేను ఫోన్లో తప్ప నొక్కి చూడలేదు."

"ఫోన్లోనా?" అన్నాడు అత్తరు సాబ్.

"చాలా వీడియోలు చూశాను సాబ్" అన్నాను, అదీ ఒక అర్హతే అన్నట్టు.

ఎవరూ నవ్వలేదు. అత్తరు సాబ్ కాక ముందు ఛాతీ మీద చేయి పెట్టుకుని "మాఫీ" అని, మూడోది బిగించమన్నాడు. కాక కాంట్రాక్టు నిలిచింది. నన్ను నెలరోజులు పార్కింగ్ ఊడవమన్నారు (ఎండాకాలం, వేరే చెప్పాలా). "తెలియదు" అనే చిన్న మాట నోట్లోంచి రాక ఇన్ని తిప్పలు పడ్డ ఆ కుర్రాణ్ణి తలుచుకుంటే, ఇప్పుడు కోపం రాదు, జాలితో నవ్వొస్తుంది. ఎందుకంటే వాడికి ఆ సాయంత్రం కూడా బుద్ధి రాలేదు. మమ్మల్ని గదులకు దింపే రేంజ్ కారులో, నేనేదో త్యాగం చేసినట్టు, "కాకా, నేను నిజం చెప్పకపోతె నీ గతేమైతుండె? ఒక్క మంచి మాటన్న అనవా?" అని అడిగాను.

కాక కిటికీలోంచి చూపు తిప్పకుండానే అన్నాడు: "నువ్వా అబద్ధమే ఆడకపోతె, నీ నిజంతోని నాకేం పనుంటుండెరా?"