ఇడ్లీ పాత్రలో ఉడికిన మంగలి కత్తులు

నా జీవితంలో ఒకే ఒక్కసారి సైన్సు ప్రచారం చేశాను. దాని దెబ్బకు ఒక పసివాడు సగం గుండుతో ఊరందరికీ వినోదమయ్యాడు. ఇక నాకేమైందంటారా, నిదానంగా చెబుతాను. తొందరపడి ఇప్పుడే నవ్వేయకండి.

తొంభైల చివర్లో మాట. హోసూరులో నేను పనిచేసే ఫ్యాక్టరీలో రక్తం ద్వారా అంటుకునే జబ్బుల గురించి ఒక పూట క్లాసు పెట్టారు. సూదులు, మంగలి కత్తులు, ఎయిడ్స్, కామెర్లు, అన్నీ చెప్పారట. భోజనాల తర్వాత క్లాసు కదా, నేను హాయిగా నిద్రపోయాను. మెలకువ వచ్చేసరికి "ఇరవై నిమిషాలు మరిగించాలి" అన్న ఒక్క మాట చెవిన పడింది. ఆ ఒక్క మాటతో డాక్టర్నైపోయాను.

ఆ వారమే సూళగిరిలో మా అక్క అత్తగారింట్లో, అక్క కొడుక్కి పుట్టువెంట్రుకలు తీసే వేడుక. మేనమామ ఒడిలో కూర్చోబెట్టి గుండు చేయించాలి. ఆ మేనమామను నేనే. పన్నెండుకు రాహుకాలం వస్తుంది, ఆలోపు ఒక్క వెంట్రుక మిగిలినా ఊరుకోనని అక్క అత్తగారు ముందే హెచ్చరించారు. పదిన్నరకు మంగలి మునిరాజప్ప కొత్త బ్లేడు వేసి మొదలుపెట్టాడు. సగం తల అయ్యాక నా ఒళ్ళో పిల్లవాడు గింజుకున్నాడు. కత్తి మునిరాజప్ప వేలికే తగిలి రక్తం చుక్క కనబడింది.

"ఆపప్పా!" అని అరిచాను. "సామాన్లన్నీ ఇరవై నిమిషాలు మరగల్ల!"

ఆయన అప్పటికే కత్తి పక్కన పెట్టి, వేలు సబ్బుతో కడిగి ప్లాస్టర్ చుట్టుకుంటున్నాడు. "బ్లేడు పారేసి కొత్తది ఏస్తానప్పా. పిడి డెటాల్లో కడుగుతా. ఉడకబెట్టేది వద్దు, అది..."

"నాకే చెప్తావా? నేను క్లాసుకు పోయొచ్చినాను!"

పిల్లవాణ్ణి అక్క చేతిలో పెట్టి, ఆయన సామాన్ల పెట్టె కత్తితో సహా లాక్కుని వంటింట్లోకి పరిగెత్తాను. అక్క అత్తగారు పొయ్యి మీద చుట్టాలకు రెండో విడత ఇడ్లీలు ఉడికిస్తున్నారు.

"అత్తమ్మా, ఇడ్లీలు తీసేయండి. కత్తులు ఉడకబెట్టల్ల."

ఆవిడ తెరిచిన నోరు మూయకముందే రెండు కత్తులు, దువ్వెనలు మొత్తం ఇడ్లీ పాత్రలో కుమ్మరించాను.

ఇరవై నిమిషాల తర్వాత మూత తీస్తే ఇల్లంతా కంపు. కత్తుల పిడులు వడియాల్లా వంకర్లు తిరిగాయి. దువ్వెనలు ఒకదాన్నొకటి కావలించుకుని విడిపోనన్నాయి.

"పిలాస్టిక్కప్పా అని చెప్పేకి వస్తే వినకపోతిరి" అన్నాడు మునిరాజప్ప.

"సరేలే, ఉత్త బ్లేడు చేత్తో పట్టుకుని గీకెయ్."

"పిడి లేని బ్లేడు తలకు పెట్టగూడదని క్లాసులో చెప్పినారప్పా."

"ఏం క్లాసు?"

"కృష్ణగిరిలో మాకు రెండు దినాలు పెట్టినారు. నేను ముందు వరసలో కూర్చొనుంటి. మీరు?"

నాకు దగ్గొచ్చింది. లోపల అత్తమ్మ ఏడుపు అందుకుంది. "నా మనవడ్ని సగం గుండుతో రాహుకాలంలోకి తోస్తివి గదప్పా!" అక్క నా మొహం కూడా చూడలేదు. నిజంగా సిగ్గుతో చచ్చిపోయాను.

సంచిలో ఉన్న నా స్టీలు షేవింగ్ రేజరు తెచ్చి ఇచ్చాను. మునిరాజప్ప దాన్ని సబ్బుతో తోమి, డెటాల్లో ముంచి, కొత్త బ్లేడు బిగించాడు. తర్వాత ఆలోచనలో పడ్డాడు.

"దీంతో నేను గుండు చేసిందే లేదప్పా. బిడ్డ తల మీద నేర్చుకోలేను. ముందు ఇంకో తల కావల్ల."

ఇంటిల్లిపాదీ నా క్రాపు వైపు చూశారు.

"నా తల ఎందుకప్పా?" అన్నాను.

"కూర్చో!" అంది అత్తమ్మ.

కూర్చున్నాను. నాలుగు చోట్ల తెగింది. తెగినప్పుడల్లా ఆయన మర్యాదగా, "రక్తమొచ్చినాదప్పా, మీరు చెప్పినట్టే జాగర్త" అని బ్లేడు మార్చాడు. మేనల్లుడు ఏడుపు మాని చప్పట్లు కొట్టాడు. ఆ తర్వాత ఆయన రేజరు మళ్ళీ కడిగి, మళ్ళీ కొత్త బ్లేడు వేసి, పన్నెండుకు ఐదు నిమిషాలుండగా వాడి తల పూర్తి చేశాడు. వాడికి ఒక్క గీత కూడా పడలేదు. నా తల మీద అంత బాగా నేర్చుకున్నాడన్నమాట.

ఆలస్యంగా వచ్చిన ఒక పెద్దాయన మా ఇద్దరి గుండ్లూ చూసి, "చిన్నోడిది సరేనమ్మా, ఈ పెద్దోడు ఏ దేవునికి మొక్కుకున్న్యాడు?" అని అడిగాడు.

"మా ఇడ్లీ పాత్రకు" అంది అత్తమ్మ.

ఆ రోజే గుండు మీద చెయ్యి పెట్టుకుని శపథం చేశాను. ఈ జన్మలో మంగలి పెట్టె ముట్టుకోను, అత్తమ్మ వంటింట్లో అడుగు పెట్టను. రెండోది నా శపథం కాదులెండి, ఆవిడ ఆర్డరు.