ట్యూబు మీద కూర్చున్నవాళ్లు

మా ఆయన ముప్పై రెండేళ్లు బస్సు నడిపారు. ఎక్కువగా అమలాపురం, రాజోలు, రావులపాలెం రూట్లే. లీటరు డీజిలుతో అందరికంటే ఎక్కువ దూరం నడిపిన డ్రైవరుకి డిపోలో ఏటా ఒక సర్టిఫికెట్ ఇచ్చేవారు. అలాంటివి మా హాల్లో గోడకి తొమ్మిది వేలాడుతున్నాయి. మా పెళ్లి ఫోటో బీరువాలో ఉంది.

రిటైరయ్యాక నడపడానికి బస్సు లేదు, ఆదా చేయడానికి డీజిలు లేదు. నాలుగు రోజులు ఊరికే తిరిగారు. అయిదో రోజు పొద్దున్న వంటింట్లోకి స్టూలు తెచ్చుకుని కూర్చుని, నేను పాలు కాస్తుంటే మంటకేసి చూడడం మొదలుపెట్టారు.

“గిన్నె చిన్నది, మంట పెద్దది. సగం పక్కల నుంచి పోతోంది చూడు. నాలుగో గేర్లో వెళ్లాల్సిన బండిని రెండో గేర్లో ఈడుస్తున్నావు నువ్వు,” అన్నారు.

ఇన్నేళ్లూ నేను ఏ గేర్లో వండానో ఆయనకి తెలియదు. క్యారేజీ సర్ది ఇస్తే పట్టుకెళ్లేవారు, అంతే.

ఆ రోజు నుంచి మా ఇంట్లో మూత లేకుండా ఏదీ ఉడకలేదు. కందిపప్పు గంట ముందే నానాలి. కుక్కరు రెండో విజిలుకి స్టౌ కట్టేసి మిగతా పని ఆవిరికి వదిలేయాలి. ఇవన్నీ మంచి మాటలేనని ఇప్పుడు ఒప్పుకుంటాను గాని, వెనకాల నిలబడి “చాలు, కట్టేయ్, కట్టేయ్” అంటుంటే గరిటె తిరగేయాలనిపించేది. స్కూటరు సంగతి ఇంకా ఘోరం. మా కోనసీమలో కొండలు లేవు, ఎత్తంటే కాలవల మీద వంతెనలే. వంతెన ఎక్కేముందు నన్ను దిగి నడిచి రమ్మనేవారు. పైకెక్కాక ఇంజను ఆపేసి అవతలి వాలులో చప్పుడు లేకుండా జారిపోయేవారు. ఒకసారి ఆ జారుడు ఆనందంలో నన్ను ఎక్కించుకోవడం మర్చిపోయి కొత్తపేట దాకా వెళ్లిపోయారు. మళ్లీ వెనక్కొచ్చి, “నీ మూలంగా రెండుసార్లు తిరగాల్సొచ్చింది. పెట్రోలు దండగ,” అని నన్నే అన్నారు.

ఆ తరవాత ఫోనులో వంటింటి చెత్తతో గ్యాసు తయారుచేసే వీడియో ఏదో చూశారు. వారం తిరక్కుండా పెరట్లోకి పెద్ద నల్ల నీళ్ల ట్యాంకు వచ్చింది. దానికి ఒక పక్క చెత్త పోసే లావుపాటి పైపు, ఇంకో పక్క మడ్డి బయటికొచ్చే పైపు, నెత్తి మీద గ్యాసు గొట్టం. గ్యాసు నిలవ ఉండడానికి ట్రాక్టరు వెనక చక్రం ట్యూబు ఒకటి తెచ్చి పెరటి వసారాలో పడేశారు. దాని నుంచి సన్న గొట్టం కిటికీలోంచి వంటింట్లో ఉన్న పాత స్టౌ దాకా లాగారు. మొదట సగం ట్యాంకు పేడ నీళ్లు పోసి మూడు వారాలు ఆగాలట. ఆగారు. ట్యూబు ఉబ్బింది. ఆయన అగ్గిపుల్ల గీసి స్టౌ దగ్గర పెడితే పుల్లే ఆరిపోయింది. అలా అగ్గిపెట్టె మొత్తం అయిపోయింది.

“మొదటొచ్చే గ్యాసు మండదటలే, వదిలేయాలి,” అన్నారు.

నాలుగోసారి ట్యూబు ఉబ్బినప్పుడు నీలంగా, బెదురుబెదురుగా ఒక మంట వచ్చింది. వేలెడంత ఎత్తు కూడా లేదు. మా ఆయన ఆ మంటని ఫోటో తీసుకున్నారు.

పేడ గ్యాసు మీద కాచిన కాఫీని మా అత్తగారు ముట్టుకోరులే అని నేను ధైర్యంగా ఉన్నాను. ఆవిడ నా ఆశ మీద నీళ్లు చల్లేశారు. “పిడకల దాలి మీద కాగిన పాలు తాగే కదమ్మా ఇంతదాన్నయ్యేను? పేడ పిడకైతే ఒకటీ, గాలైతే ఒకటీనా?” అన్నారు.

వచ్చిన చిక్కల్లా ఒక్కటే. ట్యూబు మీద బరువుంటేనే గ్యాసు తోసుకుని స్టౌ దాకా వస్తుంది. ఇటుకలు పెడితే, గ్యాసు తగ్గేకొద్దీ జారి కింద పడేవి. ఇసక బస్తా పెడితే ఒక పక్కకే ఒరిగిపోయేది. చివరికి ట్యూబు మీద చెక్క పలక వేసి అత్తగారిని కూర్చోబెట్టారు. మోకాళ్ల నొప్పులతో కింద కూర్చోలేని ఆవిడకి ఆ మెత్తటి పీట మహా నచ్చింది. దాని మీద కూర్చుని వెల్లుల్లి వలుచుకుంటూ కాస్త కాస్తగా కిందికి దిగుతుండేవారు. అయితే ఆవిడ నలభై కిలోలకి మించరు. ఆ బరువుకి కాఫీ కాగేది గాని పప్పు ఉడికేది కాదు. అందుకని పక్కింటివాళ్లు ఎవరొచ్చినా మా ఆయన “రండి, రండి, ఇలా కూర్చోండి,” అని తిన్నగా పలక దగ్గరికి తీసుకెళ్లేవారు. ఈయనకి ఇంత మర్యాద ఎప్పుడొచ్చిందా అని వీధిలో వింతగా చెప్పుకున్నారు. ఒడ్డూపొడుగూ ఉన్నవాళ్లకి రెండో కాఫీ కూడా దొరికేది.

ఇలా సాగుతుండగా మా ఆడపడుచుగారి అమ్మాయి పెళ్లి వచ్చింది. ఆవిడ మా ఆయనకి అక్కగారు, నాకు వదినగారు. వాళ్లది మండపేట. ఆవిడ భర్తకి ధాన్యం వ్యాపారం, ఒక మిల్లు. నేను అన్నయ్యగారు అని పిలుస్తాను. పెద్ద మనిషి, అన్ని రకాలుగానూ. వాళ్ల వ్యాపారం లెక్కలో చెప్పాలంటే బస్తాన్నర ఉంటారు.

పగటి ముహూర్తం. రెండో బంతి లేచేవేళకి మా ఆయన కనబడలేదు. వెతుక్కుంటూ హాలు వెనక్కి వెళితే, అక్కడ పట్టుపంచె మోకాళ్ల పైకి ఎగ్గట్టి, విస్తళ్లలో మిగిలిన పులిహోర, అన్నం, పనసపొట్టు కూర ఒక్కొక్కటీ బకెట్లలోకి తోస్తున్నారు. అప్పటికే నాలుగు బకెట్లు నిండాయి.

“ఇదంతా గోతిలో పారబోస్తారట! ఎంత గ్యాసో తెలుసా?” అన్నారు నన్ను చూసి, కళ్లు మెరిసిపోతుండగా.

చేతులు కడుక్కునే కుళాయిలు కూడా అక్కడే ఉన్నాయి. సరిగ్గా అప్పుడే అన్నయ్యగారు కొత్త వియ్యంకుడుగారిని తీసుకుని అటు వచ్చారు. వియ్యంకుడుగారు ఆగిపోయి, “ఆయనెవరండీ, పట్టుపంచెలో?” అని అడిగారు.

అన్నయ్యగారు మా ఆయన్ని చూశారు. బకెట్లని చూశారు. “కేటరింగు మనిషండీ,” అని వియ్యంకుడుగారి భుజం మీద చెయ్యివేసి అటు తిప్పుకుని తీసుకెళ్లిపోయారు.

మా ఆయన చేతిలో విస్తరి అలాగే ఉండిపోయింది. పిల్లకి సొంత మేనమామ ఆయన. పొద్దున్న పెళ్లికూతుర్ని గంపలో కూర్చోబెట్టి మండపం మీదికి మోసుకొచ్చింది ఆయనే.

మేం బయల్దేరుతుంటే అన్నయ్యగారు నన్ను పక్కకి పిలిచి, “మా పరువు ఎంగిలాకుల్లో కలిపేసేడమ్మా మీ ఆయన,” అన్నారు. మా ఆయన ఆటోలోకి బకెట్లు ఎక్కిస్తూ ఆ మాటా విన్నారు. ఇంటికి రాగానే పంచె కూడా మార్చుకోకుండా, రోజుకి పావు బకెట్ పోయాల్సిన ట్యాంకులో నాలుగు బకెట్లూ ఒక్కసారే పోసేశారు. కోపం ఎవరి మీదో, పులిహోర ఎవరి కడుపులోకో.

రెండు రోజులు ట్యాంకు బుడబుడలాడింది. మూడో రోజు నోరు మూసుకుంది. నాలుగో రోజు నుంచి పులిసిన కంపు. గోడ అవతలి నుంచి పక్కింటివాళ్లు, “ఏంటండీ ఆ వాసన?” అని అడిగితే అత్తగారు, “పులిహోర అరగలేదండి,” అని చెప్పారు. “లంఖణం పరమౌషధం. ఓ పదిరోజులు ఏమీ పెట్టకు. కాస్త వాము నీళ్లు పొయ్యి,” అని కొడుక్కి వైద్యం కూడా చెప్పారు. ఆయన నవ్వలేదు. ఎవరికో ఫోను చేసి కనుక్కుని, రోజూ కాస్త సున్నపు తేట, కాస్త కొత్త పేడ పోస్తూ ట్యాంకు పక్కనే కూర్చునేవారు. జ్వరం వచ్చిన మనిషి మంచం దగ్గర కూర్చున్నట్టుండేది. అది కోలుకోవడానికి మూడు వారాలు పైనే పట్టింది. మండపేట నుంచి మాత్రం ఫోను రాలేదు, ఇక్కడి నుంచి వెళ్లలేదు. వదినగారు మధ్యాహ్నాలు నాకు చాటుగా చేసేవారు. అలా ఏడు నెలలు గడిచాయి.

భాద్రపదంలో ఒక ఆదివారం, తల్లిని పదిరోజులు తనదగ్గర ఉంచుకుంటానని వదినగారు కారులో వచ్చారు. కారు నడిపింది అన్నయ్యగారే. ఆయన దిగలేదు. అద్దాలెత్తుకుని అలాగే కూర్చున్నారు. అత్తగారు వీధరుగు మీదికి వచ్చి, “అల్లుడుగారు కారులోంచి దిగకపోతే నేను కారెక్కను. ఎవరి పట్టుదల ఎంతో చూద్దాం,” అని గట్టిగానే అన్నారు. దాంతో ఆయన దిగారు.

ఆ రోజు వీధి వాకిలంతా కొబ్బరికాయల రాశి పోసి ఉంది. మా ఆయన పక్కనుండి వొలిపిస్తున్నారు. బావగారిని చూసి కూడా చూడనట్టు కాయలు లెక్కపెట్టుకుంటున్నారు. అన్నయ్యగారు కూడా అటు చూడకుండా ఇంటి పక్క సందులోంచి పెరటి వసారాలోకి వచ్చి, కనబడిన పలక మీద కూలబడ్డారు. ఆయనకి ట్యూబు సంగతి తెలియదు.

వంటింట్లో కాఫీ నీళ్ల కింద మిణుకుమిణుకుమంటున్న మంట భగ్గుమంది. నేను రెండడుగులు వెనక్కి వేశాను. ఇన్ని నెలల్లో అంత మంట ఎన్నడూ చూడలేదు. కాఫీ నిమిషంలో అయిపోయింది. గారెల పిండి రుబ్బి సిద్ధంగా ఉంది. ఇంత మంట మళ్లీ దొరుకుతుందా అని ఆ స్టౌ మీదే మూకుడు పెట్టేశాను.

మొదటి వాయి వేగుతుండగా మా ఆయన చేతులు కడుక్కోవడానికి పెరట్లోకి వచ్చారు. అన్నయ్యగారు స్తంభానికేసి చూస్తూ, “ఇంకా ఎంగిలాకులు ఏరుతున్నారా, మానేసేరా?” అన్నారు.

“కేటరింగు మనుషులం కదండీ. మా పని మాది,” అన్నారు మా ఆయన కుళాయికేసి చూస్తూ.

“ఏంటయ్యా, ఏంటి?” అంటూ అన్నయ్యగారు కోపంగా లేచి నిలబడ్డారు.

మంట టప్పున మిణుగురంతకి పడిపోయింది. మూకుట్లో గారెలు వేగడం మానేసి నూనె తాగడం మొదలుపెట్టాయి.

“అన్నయ్యగారూ! కూర్చోండి!” అని కిటికీలోంచి అరిచాను.

ఆయన హడిలిపోయి కూర్చున్నారు. మంట లేచింది. మా ఆయన ఇంకేదో అన్నారు. ఈయన మళ్లీ లేచారు. నేను మళ్లీ అరిచాను. మూడోసారికి ఆయనకి అనుమానం వచ్చింది. “చెల్లెమ్మా, నేను లేస్తే నీకేంటమ్మా బాధ?” అన్నారు.

నా అరుపులకి వదినగారితో పాటు వసారాలోకి వచ్చిన అత్తగారు నింపాదిగా గ్యాసు కథంతా చెప్పారు. అన్నయ్యగారు వంగి తనకింద ఉన్న ట్యూబుని చూసుకున్నారు. కిటికీలోంచి వెళుతున్న గొట్టాన్ని చూశారు.

“అంటే, ఇప్పుడు నేను సిలిండర్నా?” అన్నారు.

“ఆయ్. నిండు సిలిండరు,” అన్నారు వదినగారు. ఏడు నెలల నుంచి ఆ మాట కోసమే కాచుక్కూర్చున్నట్టు ఆవిడ నవ్వడం మొదలుపెట్టి ఆపలేకపోయారు.

మా ఆయన మాత్రం నవ్వలేదు. కండువాతో చేతులు తుడుచుకుంటూ నెమ్మదిగా అన్నారు. “ఎంగిలాకులన్నందుకు కాదండీ బావగారూ. ఆ పిల్లని గంపలో మోసుకొచ్చేను. పూట తిరక్కుండా నేనెవరో చెప్పడానికి మీకు నోరు రాలేదు. అదీ నా బాధ.”

నేను మూకుట్లో గారెలు తిరగేశాను.

“సిగ్గేసిందయ్యా,” అన్నారు అన్నయ్యగారు. “కొత్త వియ్యంకుడు, ఏమనుకుంటాడోనని నోట్లోంచి వచ్చేసింది. అనేసేక వెనక్కి తీసుకోడం తెలీలేదు. నీకు ఫోను చేద్దామని ఎన్నిసార్లు తీసేనో మీ అక్కనడుగు.”

“నేనూ మిమ్మల్నొక మాట అడిగి చెయ్యాల్సిందండి,” అన్నారు మా ఆయన. “బకెట్లు చూసేసరికి ఒళ్లు తెలీలేదు.”

అన్నయ్యగారి కళ్లు చెమర్చాయి. బావమరిదిని దగ్గరికి తీసుకుందామని రెండు చేతులూ చాపి లేవబోయారు.

“లేవకండి!” అని నేనూ, వదినగారూ, అత్తగారూ ఒక్కసారే అరిచాం. చివరి వాయి ఇంకా మూకుట్లో ఉంది.

మా ఆయనే వెళ్లి పలక మీద ఆయన పక్కన కూర్చున్నారు. ఇద్దరి బరువుకీ మంట మూకుడు అంచులు దాటింది. ఆ వాయి కాస్త మాడింది గాని ఎవరూ వంక పెట్టలేదు. తిన్నాక చూస్తే ట్యూబు పూర్తిగా నేలకి అంటుకుపోయింది, అన్నయ్యగారిని లేపడానికి కొబ్బరికాయలు వొలిచేవాళ్లని పిలవాల్సి వచ్చింది. వెళ్లేముందు ఆయన ట్యాంకు చుట్టూ తిరిగి, మిల్లులో తడిసి పాడైన నూకలు దీనికి పడతాయా అని అడిగారు. మా ఆయన అరగంట చెప్పారు.

అత్తగారు వాళ్లతో మండపేట వెళ్లిపోయారు. మర్నాటి నుంచి ట్యూబు మీద కూర్చోవడానికి ఇంట్లో మనిషి లేరు. మా ఆయనే పేపరు పట్టుకుని వచ్చి పలక మీద కూర్చున్నారు. కిటికీకి ఇవతల నేను, అవతల ఆయన. మొదటి రోజు పేపరు చదివారు. రెండో రోజు పేపరు మడిచేసి, ఏదో గుర్తొచ్చినట్టు, రాజోలు రూట్లో ఒక స్టాపు గురించి చెప్పడం మొదలుపెట్టారు. అక్కడ ఒక ముసలావిడ రోజూ పొద్దున్నే బస్సు ఆపేదట. ఎక్కేది కాదట. డ్రైవరు చేతిలో రెండు జామకాయలు పెట్టి, పోనియ్యమనేదట. ఆవిడ కొడుకు కూడా ఎక్కడో బస్సు నడిపేవాడట. ఆ జామకాయల కోసం రోజూ బస్సు ఆపి, మళ్లీ కదిలించడానికి ఎంత డీజిలయ్యేదో తనకి తెలుసుననీ, అయినా ఒక్కరోజు కూడా ఆపకుండా పోలేదనీ చెప్పారు.

“ఈ సంగతి నాకెప్పుడూ చెప్పలేదే,” అన్నాను.

“నువ్వెప్పుడూ ఇలా ఎదురుగా లేవు కదా,” అన్నారు.

పప్పు ఎప్పుడో ఉడికిపోయింది. ఆ మాట నేను చెప్పలేదు. గిన్నెలో ఇంకో గ్లాసు నీళ్లు పోసి, “తరవాతేమైంది?” అని అడిగాను.