ప్రూఫ్ మీద సంతకం

బంగారు గనులు మూసేశాక మా ఊళ్లో ఆగకుండా నడిచిన పని చావు పోస్టర్లదే. రాబర్ట్‌సన్‌పేటలో నేను చేరిన ప్రెస్సుకు పెళ్లి కార్డులు వారానికి ఒకటో రెండో వచ్చేవి. కన్నీటి అంజలి పోస్టర్ల కోసం మాత్రం షట్టరు తీయకముందే ఎవరో ఒకరు మెట్ల మీద కూర్చుని ఉండేవారు.

ఓనరు పెద్దాయన. కంప్యూటరు ముందు కూర్చోబెట్టి, మొదట పని మాటలు నేర్పాడు.

"కాగితం కోసే గీత దాటి రంగు కొంచెం బయటికి పోవాల. దాన్ని బ్లీడ్ అంటారమ్మా. లేకుంటే అంచున తెల్లచార వస్తాది."

కోసే చోటు చూపించేవి క్రాప్ మార్కులు. అసలు ఫోటో వచ్చేదాకా ఆ జాగాలో పెట్టేది డమ్మీ. అచ్చుకు ప్లేటు చేసే ముందు చూపించేది ప్రూఫ్. ఇంటివాళ్లు దాని మీద సంతకం పెట్టందే ఆయన ప్లేటు చేయనిచ్చేవాడు కాదు. ఆ మాటలన్నీ నాకు నచ్చాయి, బ్లీడ్ తప్ప. నల్ల అంచు గీత దాటి పోతుంటే చూపు పక్కకు తిప్పుకునేదాన్ని.

పోస్టరు నమూనాకి డమ్మీ కావలసి వచ్చి నేను మా నాయన గని పాసు ఫోటో పెట్టాను. చేతికి అందింది అదే. పెట్టిన రోజు నుంచీ మనసు పీకుతూనే ఉంది. అయినా తీయలేదు. బద్ధకం అనండి, పొగరు అనండి.

ఒక రోజు పొద్దున్నే, గని మట్టి పోసిన సయనైడ్ దిబ్బల మీంచి గాలి లేచి, తెల్లదుమ్ము ఆరని ఇంకు మీద వాలుతోంది. తండ్రి పోయిన ఒకాయన వచ్చాడు. తెచ్చింది గని పాసు ఫోటోనే. మా దగ్గర ఏ ఇంట్లో పోయినా అదే ఫోటో: అదే గోడ, అదే ఖాకీ చొక్కా, అవే మీసాలు. నేను పేరు మార్చాను, ఫోటో మార్చడం మరిచాను. ఆయనేమో తండ్రి ముఖం చూడలేక, పేరొక్కటే చదివి సంతకం పెట్టాడు. పోస్టర్లు అచ్చై గోడలెక్కాయి.

మధ్యాహ్నం మా నాయన ప్రెస్సుకు వచ్చాడు. చేతిలో గోడ మీంచి ఊడదీసిన పోస్టరు, వెనక జిగురు ఇంకా తడిగా ఉంది. నాలుగు మెట్లెక్కేసరికే ఊపిరి ఈలలా వినిపించింది. పోస్టరు మీద పేరు ఇంకొకరిది, ముఖం ఆయనది.

"తప్పు జరిగిపోయింది నాయనా," అన్నాను.

"ఆయప్ప ఇంటోళ్లకి వేరే వేసియ్యండి, పాపం," అని స్టూలు మీద కూర్చున్నాడు. ఓనరు అప్పటికే మిగతావి ఊడదీయించడానికి బయటికి పరిగెత్తాడు.

"నా రొమ్ములో గని దుమ్ము పేరుకోనుండాదంట. డాక్టరు చెప్పి మూడు నెలలాయ. మీకు యాడ చెప్పేది? ఇంగ నువ్వు నాది వేసేటప్పుడు ఫోటో వెతకద్దు. ఇదే బాగుండాది."

నాకు ఏడుపు రాలేదు, కోపం వచ్చింది. మూడు నెలలు పక్క గదిలో దగ్గుతూ దాచినందుకు. నేను నోరు తెరిచేలోపు ఆయన నా పెన్ను తీసుకుని, పోస్టరు కింద, మా దగ్గరికొచ్చేవాళ్లు పెట్టే చోటే సంతకం చేశాడు.

ఆ సాయంత్రమే నమూనాలోంచి ఆ ఫోటో తీసేసి ఖాళీ గడి పెట్టాను. వానాకాలం దాటకముందే ఆ ఫోటోనే మళ్లీ ఆ గడిలో, ఈసారి నాయన పేరుతోనే, పెట్టాల్సి వచ్చింది. నల్ల అంచు గీత దాటిందో లేదో రెండుసార్లు చూసి ప్రూఫ్ తీశాను.

"సంతకం ఎవరు పెడతారమ్మా?" ఓనరు అలవాటు కొద్దీ అడిగాడు.

సొరుగులోంచి ఆ పాత పోస్టరు తీసి ఆయన ముందు పెట్టాను.