ఆగిన సైకిళ్లు

రేడియో సెల్లులు అయిపోయేదాకా పాటలు విన్నది మా అక్క కాదు, నేను. ఆ మాట నాన్నకు ఎన్నడూ చెప్పలేదు.

మెదక్‌లో మా ఇంటి ముందుగదే సైకిల్ దుకాణం. రేడియోలో ఇంగ్లీషు వార్తల్లో ఫ్రాన్సు సైకిల్ పందెం ముచ్చట వస్తే, పంక్చర్ అతికిస్తున్న నాన్నకు అక్క తెలుగులో చెప్పేది: "ఇయ్యాల బెల్జియం దేశపోడు ముందున్నడు నాయినా!"

పందెం ఆఖరి రోజు రేడియో పలకలేదు.

"పాటల పిచ్చి నీదే గదనే! ఇగ ముట్టకు," అన్నాడు నాన్న. అక్క ఏడ్చింది. రేడియోతోపాటు ఫ్రాన్సులో సైకిళ్లు కూడా నావల్లే దారిలో ఆగిపోయాయనుకొని, భయంతో నేను నోరు విప్పలేదు. మళ్లీ ఆమెను నాన్న వార్తలు చెప్పమనలేదు.

ఇన్నేళ్లకు, మొన్న అక్క టీవీ రిమోట్ సెల్లులను ఎండలో పెడుతూ, "గా పందెం ఎవడు గెలిచిండో తెల్వనే లేదు తమ్మీ," అంది.

"గప్పుడు సెల్లులు ఖతం చేసింది నేనే అక్కా," అన్నాను. "మాఫ్ చెయ్యి."