ఖంగుమనని గ్రైండింగ్ రాయి

ఈ రోజు తాండూరులో ఉలులు సానబట్టడానికి గ్రైండింగ్ రాయి కొనబోయాను. రాయి నడిమి రంధ్రంలో వేలు దూర్చి వేలాడదీసి, ఉలి చెక్కపిడితో తట్టాను. మంచి రాయి ఖంగుమంటుంది. ఇది దబ్బుమంది. లోపల పగులుందన్నమాట. మిషన్ మీద పేలితే కళ్లు పోతాయని చెప్పాను.

“కుండ కొంటున్నవా కాకా? పుస్తకాలు జర తక్కువ సదువు” అని దుకాణందారు నవ్వి, దాన్ని మళ్లీ అమ్మకానికే పెట్టాడు.

బస్టాండు దాకా వెళ్లాను. మనసొప్పలేదు. తిరిగొచ్చి అదే రాయి కొని, అతని మెట్ల మీదే పగలగొట్టాను.

“పిస్స లేసిందా కాకా?”

“లేసింది. నీ కొడుకే గీ రాయి ముందట నిలబడితే నీకూ లేస్తది.”

ఇంటికొచ్చినా కుదురుగా కూర్చోలేకపోతున్నాను. ఆ అరలో మిగతా రాళ్లను తట్టి చూడనేలేదు. రేపు దుకాణం తెరిచేసరికి మీలో ఎవరైనా నాతో వస్తారా?