షాజలీ పడవ అడుగున రాళ్ళు

తెల్లవారుజామున నమాజు చదివి రేవుకు రాగానే షాజలీ చేసే మొదటి పని, పడవ అడుగు పలకలెత్తి కింద పరిచిన నల్లరాళ్ళను తడిమి చూసుకోవడం. పక్కకు జరిగిన రాయిని మళ్ళీ నడిమి దూలానికి ఆనించి, "దేవుడా, ఎక్కేవాళ్ళంతా నీ బిడ్డలే, చూసుకో" అనేవాడు. ఆ తరువాతే టీ. అస్వాన్‌లో నైలు దాటించే పడవవాళ్ళు చాలామందే ఉన్నారు గానీ, ముసలివాళ్ళను చెయ్యిపట్టి దించి, వాళ్ళ మూటలు గట్టు పైదాకా మోసిపెట్టేది షాజలీయే.

ఆ సాయంత్రం అవతలి గట్టున పెళ్ళి. పెళ్ళికూతురు, ఆమె అమ్మమ్మ నబ్రా, మేనమామ అవద్, చుట్టాలు, ఖర్జూరాల బుట్టలు, డప్పులు, అన్నీ రేవుకు చేరాయి. ఇంతకుమించి బరువెక్కించకూడదని పడవ పక్కన గీసిన తెల్లగీతను నీళ్ళు అందుకోగానే షాజలీ చెయ్యి అడ్డం పెట్టాడు. గట్టు మీద ఇంకా సగంమంది మిగిలారు.

"పెళ్ళివారంటే ఒక్కటిగా దిగాలి షాజలీ! ఇలా ముక్కలు ముక్కలుగా దిగితే మగపెళ్ళివాళ్ళు నవ్వరూ?" అన్నాడు అవద్. "ఆ రాళ్ళు తీసి గట్టున పారెయ్. వాటి బదులు మా అత్తలు కూర్చుంటారు. బరువు సరికి సరి!"

"మీ అత్తలు రాళ్ళలా కదలకుండా కూర్చుంటారా మామా?"

"ఎందుక్కూర్చుంటాం! ఆడకుండా ఉండేదానికి పెళ్ళికి రావడం దేనికి?" అంది గట్టు మీద ఒకావిడ. అందరూ పకపకా నవ్వారు.

"విన్నావుగా. రాయి అడుగున పడుకుంటుంది, పడవ ఒరిగితే లాగి నిలబెడుతుంది. మనిషైతే ఒరిగిన వైపే జారతాడు. నీ మేనకోడలి కోసమే చెప్తున్నా మామా. మిగతావాళ్ళను నేనే తిరిగొచ్చి తెస్తా. అవతల అందరూ కలిశాకే ఊరేగండి."

అవద్ మూతి ముడుచుకునే ఎక్కాడు.

నది నడుమకు వచ్చేసరికి యాత్రికుల స్టీమరొకటి పక్కనుంచి పోయింది. దాని అలకు పడవ ఒరిగిపోయి, పెళ్ళికూతురి గాజుల చెయ్యి నీళ్ళను తాకింది. అంతలోనే, కింద నుంచి ఎవరో పట్టి లాగినట్టు, పడవ మెల్లగా నిటారుగా లేచింది. నాలుగు ఖర్జూరాలు దొర్లాయి, అంతే.

అవద్ మాత్రం తెరచాప కొయ్యను గట్టిగా వాటేసుకుని ఉన్నాడు.

"దాన్ని వదిలెయ్ మామా, దానికి తెరచాపతో ఎప్పుడో పెళ్ళయిపోయింది," అన్నాడు షాజలీ.

"నీ రాళ్ళకో సలాము, నీకో సలాము!" అని అవద్ కూడా నవ్వేశాడు.

గట్టు దగ్గరపడింది. మగపెళ్ళివాళ్ళ డప్పులు మోగాయి. షాజలీ పడవలోవాళ్ళందరినీ ఒకసారి కలయజూశాడు. అలదేముంది, వచ్చి పోయింది. ఇంతమందీ ఒక్కసారి లేచి ఒకే అంచుకు ఉరికితే మాత్రం ఏ బరువూ పడవను నిలబెట్టలేదు. నబ్రా అవ్వ నిలబడి ఉండగా ఆ ఇంట్లో ఎవరూ కూర్చోరు. ఆమె కూర్చుంటే ఎవరూ లేవరు. ఆమె అప్పుడే పాటకు గొంతు సవరించుకుంటూ, మనవరాలి భుజం ఊతగా పట్టుకుని లేవబోతోంది.

షాజలీ చుక్కాని వదలకుండానే ముందుకు వంగాడు.

"అవ్వా, నాకొక్క సాయం చెయ్యి. ఈ ఒక్కసారికి కూర్చునే పాటెత్తుకో. గట్టు మీద కాలు పెట్టాక నీ ఇష్టం, తెల్లారేదాకా ఆడు. నీ వెనకాల నేనూ ఆడతా."