బొంతలో నేను కోసిన ముక్క

ముప్పై ఏళ్లుగా ఈ మాట నా గొంతులో అడ్డుపడి ఉంది. క్రమశిక్షణ గురించి ఎందరో పిల్లలకు పాఠం చెప్పినదాన్ని. నా తప్పును మాత్రం నోరు విప్పి చెప్పలేకపోయాను. ఇప్పుడైనా చెప్పగలనా?

అప్పుడు నేను వనపర్తిలో బాలికల పాఠశాల ప్రధానోపాధ్యాయురాలిని. మా బడి ఊడ్చే సాయమ్మది సోమశిల దాపున ఆనకట్ట నీళ్లలో మునిగిన ఊరు. పాత చీరలతో ఆమె ఒక బొంత కుట్టింది. ఊరంతా అందులో ఉంది: ఇళ్లు, బండ్లకెక్కించిన తలుపులు, దూలాలు. ఎవరి బొమ్మ కుడితే వారి బట్టే వాడాలన్నది ఆమె నియమం. నడుమ కుర్చీలో కాలు మీద కాలు వేసుకున్న, ఊరు ఖాళీ చేయించిన ఆఫీసరుకు మాత్రం గోనెపట్టా వాడింది. అతని ముందు చేతులు కట్టుకుని ఆమె భర్త. చనిపోయిన ఆయన తలరుమాలు గుడ్డతో కుట్టిన బొమ్మ అది. ఆయన గుర్తుగా మిగిలింది అదొక్కటేనని బొంత ఇచ్చేటప్పుడే చెప్పింది.

బడి ప్రదర్శనకు నేనే అడిగి తెచ్చాను. తీరా, ప్రారంభించడానికి ఒక పెద్ద అధికారి వస్తున్నారని తెలిసింది. కత్తెర తీసుకుని ఆ కుర్చీని కోశాను. భర్త బొమ్మ కుర్చీతో కలిపి కుట్టి ఉంది. చూశాను. ఆగలేదు. ఖాళీలో తెల్లగుడ్డ పెట్టి, వంకర లేకుండా కుట్టి, కోసిన ముక్కను పొయ్యిలో వేశాను. ఎవరు చెప్పారు నాకు? ఎవరూ చెప్పలేదు. ఆ అధికారి బొంత వైపు తలైనా తిప్పలేదు. భయపెట్టినవాడు లేకుండానే భయపడి, ఆ భయానికి క్రమమని పేరు పెట్టుకున్న నా చదువు మీద నాకు ఇప్పటికీ ఒళ్లు మండుతుంది.

ప్రదర్శన ముగిశాక సాయమ్మ తెల్లగుడ్డ మీద చెయ్యి పెట్టింది.

“మా ఆయన ఏడ వోయిండు, టీచరమ్మా?”

“ఎలుకలు కొరికాయి సాయమ్మా. నేనే అతుకు వేశాను.”

“గట్లనా. బొంతంత ఇడిసిపెట్టి కుర్చీ కాడికే వొయ్యిందా ఎలుక? మస్తు సదువుకున్న ఎలుకనే.”

సాయమ్మ నవ్వలేదు. బొంత మడిచి చంకలో పెట్టుకుని వెళ్లిపోయింది.

ఆమెకు తెలుసు. ఆమెకు తెలుసని నాకూ తెలుసు. అయినా పదవీ విరమణ దాకా రోజూ ఎదురుపడుతూ, మూలల్లో దుమ్ము మిగిలిందని ఆమెనే మందలిస్తూ, ఎందుకు ఊరుకున్నాను? బడి ఊడ్చే మనిషి ముందు తల వంచకూడదనా?

సాయమ్మ ఇప్పుడు లేదు. ఉన్నా క్షమించమని అడిగి ఉండేదాన్నని ప్రమాణం చేయలేను. ఆమెకు మిగిలిన ఆ ఒక్క గుడ్డను తెలిసే కోశాను, తెలిసే కాల్చాను. ఆమెకు చెప్పవలసిన మాట ఇది. మీకు చెప్పాను. ఊపిరి కొంచెం ఆడుతోంది. అంతే.